వాటా అడగని వకీలు సారు

మండీలో మూటలు మోసే అన్నదమ్ములారా, నడుములు ఎలా ఉన్నాయి? కాయలు ఏరే అక్కచెల్లెళ్ళారా, మామిడి సొన తగిలి పొక్కిన చేతులు మానాయా? కోర్టు బయట టైపు కొట్టే అన్నయ్యా, కంటి ఆపరేషను అయిందట కదా, చుక్కల మందు మరవకుండా వేసుకుంటున్నారా? మా ఇంట్లో అందరం బాగున్నాం. నాకే కాస్త బీపీ. అది నా దిగుళ్ళ వల్ల వచ్చిందే కాబట్టి దాన్ని ఎవరి మీదా వేయలేను.

అందరినీ అడిగాను కాబట్టి ఇప్పుడు అసలు మాట చెబుతాను. మన వకీలు సారు పోయారు. పోయిన గురువారం పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని సారు భార్య ఫోను చేసి చెప్పారు. ఆమెను మేం అమ్మగారు అంటాం. సారు గురించి నాలుగు మాటలు రాయమని మన మండీ సంఘం పత్రికవాళ్ళు నన్ను అడిగారు. ఐదో తరగతి చదివినదాన్ని, తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా ఆయన చిత్తూరు మండీలో కాటా దగ్గర పనిచేసేవారని మీకు తెలుసు. ఒక మామిడి సీజనులో లారీ వెనక్కి వస్తూ ఆయన కాలి మీదుగా పోయింది. ఆస్పత్రిలో రాడ్డు వేశారు. ఏడాది రెండేళ్ళకు ఇంకో ఆపరేషను చేస్తేనే మోకాలు వంగుతుందని, లేకపోతే జీవితాంతం కర్రలా చాచుకొని ఉండాల్సిందేనని డాక్టరు చెప్పారు. ఆ రెండో ఆపరేషనుకు డబ్బు ఎక్కడినుంచి తేవాలా అని నేను మంచం కోడు పట్టుకొని కూర్చున్నాను.

మూడో రోజు, లారీ మీద కేసు వేసి నష్టపరిహారం ఇప్పిస్తామంటూ ఎవరో ఒకాయన కాగితాలతో మంచం దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు ఒక్క పైసా వద్దమ్మా. దుడ్డు వచ్చినాక మూడింట ఒక వాటా మాకు. ఈడ సంతకం పెట్టు."

కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయానని చెప్పి కాగితం దగ్గర ఉంచుకున్నాను. తర్వాత మండీవాళ్ళు చెబితే, ఆ కాగితం పట్టుకొని కోర్టు వెనక వీధిలో ఉన్న వకీలు సారు ఇంటికి ఆటోలో పోయాం. జరిగింది చెబితే సారు దాన్ని చదివి, "అద్దాలు మరిచిపోయినావా? మంచి పని చేసినావు తల్లీ" అన్నారు.

అప్పుడు మా ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. మండీలో బేరం తువ్వాలు కిందే కదా. ఒకరి చేతిలో ఒకరు చెయ్యి పెట్టి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. ఈయన కట్టుకట్టిన కాలు చాచుకొని, భుజం మీది తువ్వాలు చేతి మీద కప్పి, ఆ చేతిని సారు ముందుకు పెట్టారు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"మీ వాటా ఎంతో పట్టండి సార్. బయట జనం ఉండారు, వినబడకుండా."

నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం నవ్వుతూ తన చేతిని తువ్వాలు కిందికి పోనిచ్చారు. మా ఆయన అయోమయంగా నావైపు తిరిగి, "ఒక్క వేలూ ఇయ్యలేదే! పిడికిలి మూసినాడు!" అన్నారు.

"అంటే వాటా లేదని" అని సారు తువ్వాలు తీసి ఆయన భుజాన వేశారు. "గెలిచిన దుడ్డులో భాగం మాట్లాడుకోవడం మా వకీళ్ళకు తప్పు పెద్దాయనా. తీసుకునేవాళ్ళు ఉండారు, అది వేరే సంగతి. నా పనికి ఇంత ఫీజు. గెలిచినా అంతే, ఓడినా అంతే. కొంచెం కొంచెంగా ఇయ్యండి. టైపుకు, సర్టిఫికెట్లకు అయ్యే ఖర్చు వేరే, దానికి రసీదు ఇస్తా. మనిషి కాలు మామిడికాయ కాదు, నూటికి ఇంతని కమిషను కొట్టేదానికి."

ఆ ఫీజును కాగితం మీద రాసి, బయట కూర్చున్న ఇంకో కేసు ఆయన్ను లోపలికి పిలిచి గట్టిగా చదివించారు. అది సారు అలవాటు. "నలుగురి ముందర చదవలేని ఫీజు తీసుకోకూడదు" అనేవారు.

ఇంటికి వచ్చాక నా దిగులు మొదలైంది. దానికి పక్కింటి వదిన కొంత ఎగదోసింది.

"వాటా ఉండేవాడైతే పరిగెత్తతాడు వదినా. ఈయప్పకేముండాది? నీ కేసు బీరువాలో నిద్రపోతాది సూడు."

అందుకని ప్రతి వాయిదాకూ మా ఊరు కార్వేటినగరం నుంచి బస్సెక్కి పోయేదాన్ని. జడ్జి మారితే ఏమవుతుంది, కాగితాలు ఎలుకలు కొరికితే ఏమవుతుంది అని అడిగేదాన్ని. సారు విసుక్కోకుండా, "ముందు అన్నం తిన్నావా? తింటే మూడు దిగుళ్ళు అడుగు. నాలుగోది వచ్చే వాయిదాకు దాచుకో" అనేవారు. అమ్మగారు మజ్జిగ తెచ్చి, "ఐదు అడగనీ, పాపం అంత దూరం నుంచి వచ్చింది" అని నా తరఫున వాదించేవారు.

రెండో ఏడు లోక్ అదాలత్‌లో లారీ ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు రాజీకి వచ్చారు. డబ్బు వెంటనే ఇస్తామన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. సారు ఒప్పుకోవద్దన్నారు.

"దీంట్లో రెండో ఆపరేషను లేదమ్మా. ఇప్పుడు సంతకం పెడితే ఇంక అడిగేదానికి కుదరదు. డాక్టరు కోర్టుకొచ్చి దాని ఖర్చు చెప్పాల. ఏడాది పట్టొచ్చు. వస్తాదని ఒట్టు కూడా పెట్టలేను."

నేను నోరు జారాను. "మీకేం సార్, మీ ఫీజు మీకొస్తాది!"

"నేను చెప్పేదీ అదే తల్లీ. ఈరోజు రాజీ అయినా నాకంతే, ఏడాది తిరిగినా నాకంతే. తిరిగితే నా చెప్పులే అరుగుతాయి. అయినా వద్దంటా ఉండాను. ఎందుకో ఆలోచించుకొని చెప్పు."

తిరుగు బస్సులో అదే ఆలోచించాను. వాటా తీసుకునే మనిషైతే, సరే అన్నా వద్దన్నా అది నాకోసమా, ఆయన కోసమా అని నేను కొలుచుకుంటూ కూర్చోవాలి. సారు మాటలో సారు జేబు లేదు. బస్సు దిగగానే ఫోను చేసి, "మీరు చెప్పినట్టే సార్" అన్నాను. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్ర పట్టింది.

సారు ఆ డాక్టరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలియదు. డాక్టరు వచ్చి కోర్టులో చెప్పారు. తీర్పులో ఆపరేషను ఖర్చు విడిగా రాశారు. కొంత డబ్బు మా ఆయన పేరు మీద బ్యాంకులో వేయించారు. మిగిలిన ఫీజు కట్టి, ఇంకొంచెం ఉంచమంటే సారు రసీదు చేతిలో పెట్టి, "ఫీజు తీరింది. కాయలు తెచ్చినావా, అవి ఇయ్యి" అన్నారు. ఆ కాయలనూ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకే పంచారు.

ఆపరేషను అయింది. మోకాలు వంగింది.

పదకొండో రోజున రమ్మని అమ్మగారు పిలిచారు. ఈరోజు పొద్దున వాకిలి ఊడుస్తూ చూస్తే, మా ఆయన గోడ పట్టుకొని మెల్లగా మోకాళ్ళ మీదికి వంగి, నుదురు నేలకు ఆనించి, మళ్ళీ లేస్తున్నారు. పడతారేమోనని పరుగెత్తాను.

"ఉండవే" అన్నారు. "సారు పటానికి నిలబడి దండం పెడితే బాగుండదు. ఇంకో రెండు రోజులు అలవాటు చేసుకుంటే గోడ కూడా అక్కర్లేదు."

చీపురు చేతిలో అలాగే పట్టుకొని, ఆయన ఇంకోసారి వంగి లేచేదాకా చూశాను. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిది గంటల బస్సుకు చిత్తూరు పోతున్నాం.