రాహుకాలంలో వచ్చిన కరెంటు

ఆ రోజుల్లో కంప్యూటర్ కంపెనీ పెట్టాలంటే హైదరాబాదు వెళ్లేవాళ్లు. మేం ముగ్గురం మాత్రం సత్తెనపల్లిలో ఓ ఎరువుల కొట్టు మేడమీద పెట్టాం. మొన్న టీవీలో, ఎక్కడా ఇమడని కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి అవస్థపడే హాస్యచిత్రం వస్తే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం అది మా ముగ్గురి మీద తీసిన వార్తాచిత్రంలా ఉంది. ప్రోగ్రాములు రాసేవాడు పంతులు. పురోహితుల ఇంట పుట్టి, పెళ్లిపీటల ముందు మంత్రం మరిచిపోయి ఇంట్లో వెలి పడ్డవాడు. యంత్రం విప్పి బిగించేవాణ్ని అందరం రేడియో అనేవాళ్లం. వాళ్ల నాన్న రిపేరు కొట్టులో పెరిగాడు, ఊళ్లో మసీదు మైకూ రామాలయం మైకూ వాడి చేతిమీదే పలికేవి. నాకు ఈ రెండు పనులూ రావు, ఉపన్యాసం వచ్చు. (మూఢనమ్మకాల మీద నేను సభ పెడితే చివరిదాకా కూర్చునేది రేడియో ఒక్కడే. మైకు వాడిది మరి.)

మేం తయారుచేసింది, పత్తి తూకం చీటీని తెలుగు అక్షరాల్లో అచ్చువేసే ప్రోగ్రాము. దొరికిన ఒకే ఒక్క గిరాకీ, పత్తిలో గింజ తీసే జిన్నింగు మిల్లు యజమాని, ఊరందరికీ బాబాయి. ఆయన కాదంటే అద్దె కంప్యూటర్ ఆ సాయంత్రమే వెనక్కి పోతుంది, పంతులు మళ్లీ మంత్రాలకు పోతాడు. బాబాయి బుధవారం పది ఇరవైకి ముహూర్తం పెట్టిస్తే, కంప్యూటర్ మోసుకెళ్లి ఆయన మిల్లు కాటా పక్కనే దించాం. మానిటర్‌కు బొట్టుపెట్టి, కొబ్బరికాయ ఎత్తబోతుండగా, సరిగ్గా పదికి కరెంటు పోయింది. మళ్లీ పన్నెండు దాటాకే వచ్చింది. బాబాయి క్యాలెండర్ చూసి పెదవి విరిచాడు. "రాహుకాలమొచ్చిందిరా అబ్బాయ్. ఎత్తెయ్యండి, మాఘంలో చూద్దాం."

ఈలోగా రేడియో స్విచ్చి వేశాడు. ఆ కంప్యూటర్ లోపలి బ్యాటరీ నీరసించి, కరెంటు పోతే గడియారం ఆగి, వస్తే ఆగినచోటి నుంచే నడిచేది. పంతులు తెర చూపించాడు. "బాబాయ్, పనిచేసేది యంత్రం కదా! దాని లెక్కలో ఇంకా పదీ రెండే. ముహూర్తం ముందుంది."

"అవున్రోయ్! మిషను అబద్ధమాడుతుందా?" అని బాబాయి మొహం వెలిగింది. నేను నోరు మూసుకుంటే అయిపోయేది. కానీ అది నా నోరు!

"అది తప్పు టైము బాబాయ్. బ్యాటరీ చచ్చింది. ఇప్పుడు నిఖార్సైన రాహుకాలం."

రేడియో నా కాలు తొక్కాడు. "ఒరేయ్, నీ సత్యం తగలెయ్య!" అని పంతులు పళ్లు నూరాడు. బాబాయి ఏదో అన్నాడు గానీ వినపడలేదు. వెనక షెడ్డులో చెవులు చిల్లులు పడే మోత మొదలైంది.

"ఆ మోతెక్కడిది బాబాయ్?" అని అరిచాను.

"ఎక్కడిదేంట్రా, మన మిల్లే!"

"రాహుకాలంలో ఎందుకాడుతోంది?"

"కరెంటొస్తే ఆడదంట్రా? మళ్లీ పోదూ..." అని మాట మధ్యలో ఆగిపోయాడు. మోత సాగుతూనే ఉంది. మీసం దువ్వుకుని, "సర్లే, ఇదీ మిషనేగా! కొట్టరా ఆ చీటీ, మళ్లీ పోకముందే!" అన్నాడు.

ప్రింటరు గరగరా అరిచింది. కాటా దగ్గరున్న వినుకొండ రైతు చీటీ అందుకుని కూడబలుక్కుని చదివాడు. "ఓరి, ఇది నా పేరే! ఇన్నాళ్లూ ఇంగ్లీషులో ఏం రాసిచ్చేవాళ్లో తెలిసేది కాదయ్యా!" చుట్టూ ఉన్నవాళ్లు, "నాదీ కొట్టు, నాదీ కొట్టు" అని మీదపడ్డారు. సాయంత్రానికి ఊళ్లో మరో రెండు మిల్లుల వాళ్లు మా మేడమెట్లు ఎక్కారు. గంటల తరబడి ఉపన్యాసాలు చేయలేని పని ఒక్క ప్రశ్న చేసింది. (ప్రశ్న నాదే అయినా జవాబు కరెంటాఫీసుది. ఈ సంగతి చాలాకాలం సభల్లో చెప్పలేదు.)

ఇప్పుడు మా ఊళ్లో కరెంటు పోదు. అదే వచ్చిన చిక్కు. మొన్న మేనల్లుడు కొత్త ఆఫీసుకు ముహూర్తం పెట్టిస్తే గంటసేపు వాదించాను. "మీరన్నది కరెక్టే మావయ్యా, కానీ పది ఇరవైకి బ్రహ్మాండంగా ఉందంట" అన్నాడు. నేను ఆశగా ఫ్యాను వైపు చూశాను. తిరుగుతూనే ఉంది.