గోడకు అవతల గౌతమ్

నాంపల్లిలోని ఒక ఫొటో స్టూడియోను కూల్చే ముందు, లోపలి గదులన్నీ రికార్డు చేసిపెట్టమని దాని యజమాని అడిగాడు. ఆబిడ్స్‌లో మేడ మీదున్న చిన్న సర్వే ఆఫీసు నుంచి గౌతమ్ వెళ్లి, రెండు లెన్సుల కెమెరాతో ఆ గదులను బొమ్మలు తీసుకొచ్చాడు. అది మన రెండు కళ్లలాగే చూసి, ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. ఆ వారమే లారీ గుద్ది గౌతమ్ చనిపోయాడు. స్టూడియోనూ కూల్చేశారు.

అతని పక్క సీటులో పనిచేసే ఉజ్వల ఆ ఫైలు తెరిస్తే గోడలన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి. లెన్సు వంపు లెక్క కెమెరాలో తప్పుగా ఉంది. మళ్లీ తీద్దామంటే గది లేదు. అయితే రెండు లెన్సులు తీసిన అసలు బొమ్మలు మిగిలాయి. ఆమె చదరంగపు గళ్ల కాగితాన్ని అట్టకు అతికించి, అదే కెమెరాతో అటూ ఇటూ తిప్పి తీసి, లెన్సు ఎక్కడ ఎంత వంచుతోందో పట్టుకుంది. ఆ లెక్కతో పాత బొమ్మలను సరిచేసి, దూరాలు మళ్లీ లెక్కగట్టింది.

గోడలు నిటారుగా నిలబడ్డాయి. అంతవరకు అంచున మరకలా ఉన్నది మనిషైంది. గోడకున్న నిలువుటద్దంలో పడ్డ గౌతమ్. అద్దమని కెమెరాకు తెలియదు కనుక, అతను గోడకు అవతల, లేని గదిలో నిలబడి ఉన్నాడు.

అతనొక్కడే వంకరగా ఉన్నాడు. ఒక భుజం కిందికి జారింది. ఉజ్వల లెక్క మళ్లీ మళ్లీ చేసింది. వంకర పోలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ భుజమే కళ్లలో మెదిలేది.

గౌతమ్ సామాను కోసం అతని భార్య శ్రీవిద్య వచ్చినప్పుడు ఉజ్వల స్క్రీను చూపించింది.

"ఎంత జేసినా గీ వంకర పోతలేదు, వదినా."

శ్రీవిద్య స్క్రీను దగ్గరికి వంగి చూసింది. "అది పోదు. ఆయన గట్లనే నిలబడుతుండె. చిన్నప్పుడు భుజం ఇరిగింది. పక్కనే కూసుంటుంటివి, నీకు ఎర్కలేదా?"

ఉజ్వల మౌసు మీద నుంచి చేయి తీసేసింది.

"ఎంత దూరంల ఉన్నడు?" అంది శ్రీవిద్య.

ఉజ్వల కొలిచి, కెమెరాకు నాలుగు మీటర్లని చెప్పింది. శ్రీవిద్య తల ఊపి, సంచి తీసుకుని మెట్లు దిగిపోయింది.

అద్దాల్లోని నీడలు తీసేయమని యజమాని ముందే చెప్పాడు. ఉజ్వల మిగతావన్నీ తీసేసింది, అతన్ని మాత్రం ఉంచి పంపింది.

ఇప్పుడు స్టూడియో ఉన్న స్థలం చుట్టూ రేకులు కట్టారు. వాటికి అవతల అతను నిలబడి ఉన్నట్టే ఉంటుంది. నాంపల్లి స్టేషనుకు నడిచేటప్పుడు ఉజ్వల రోడ్డుకు ఆ వైపు వెళ్లదు.