అన్నం అడుగున మూడు పంపులు

జవానుగా తూర్పు సరిహద్దులో మా పోస్టుకు జూలైలో చేరాను, ఉదయం పదకొండింటికి. వాన. మోకాలి దాకా బురద. మన దుర్గాపూర్ బొగ్గు గని కాలనీ మసిలో పెరిగినవాణ్ణి, అంత పచ్చదనం ఎన్నడూ చూడలేదు. రైఫిల్, రెయిన్‌కోటు, ఈల ఇచ్చి కంచె గేటు దగ్గర నిలబెట్టారు.

కొందరి పొలాలు కంచె అవతల, సరిహద్దు గీతకు ఇవతల ఉండేవి. రైతులు ఉదయం ఏడింటికి గుర్తింపు కార్డు మాకిచ్చి వెళ్లేవారు, సాయంత్రం నాలుగింటికి వచ్చి తీసుకునేవారు. వాళ్ల సంచులు వెతకడం నా పని. ఇక్కడ మన కాలనీలో మీరంతా "స్మగ్లర్లను పట్టినవట గదా" అని అడుగుతారు. పట్టాను. వినండి.

యాభై ఏళ్ల ఆమె ఒకరు రోజూ వచ్చేది. నన్ను 'బేటా' అనేది. ఆమె టిఫిన్ డబ్బా నేనెప్పుడూ తెరిపించలేదు.

ఒక నెల మా పోస్టు ఒక్క దొంగ సరుకూ పట్టలేదు. కమాండర్ అందరి ముందూ కడిగేశాడు. మర్నాడు ఆమెను డబ్బా తెరవమన్నాను. అన్నం కింద ప్లాస్టిక్ సంచి. అందులో ఆయాసానికి పీల్చే మందు పంపులు మూడు.

"మా చెల్లి సరిహద్దు అవతలి ఊళ్లో ఉంది బేటా. ఊపిరాడదు," అంది వచ్చీరాని హిందీలో. బతిమాలలేదు. వదులుతాననే అనుకుంది.

నేను వాకీటాకీ తీశాను. "శభాష్," అన్నాడు కమాండర్. ఛీ, ఆ ఒక్క మాటకు నా ఛాతీ ఉబ్బింది.

ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ మూడు పంపుల చుట్టే తిరిగాం. జాబితా రాశాం. గుడ్డలో కుట్టి లక్క ముద్ర వేశాం. సాక్షి సంతకాలకని నది గస్తీలో ఉన్న ఇద్దరినీ పిలిపించాం. మూట కస్టమ్స్ ఆఫీసుకు పంపి, ఆమెను హెచ్చరించి వదిలేశాం.

రేడియో ఆపరేటర్‌ది ఆదిలాబాద్. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం పట్టినవ్‌రా నువ్వు? గాడ నది కాడ మత్తుకు తాగే దగ్గు మందు మూటలకు మూటలు పడవల దాటిపోయినయ్. ఈడ ఆమె బువ్వ గిన్నె పట్టుకొని కూసున్నరు!"

"కానూన్ కానూనే గదనే."

"అయితే గా పడవలకు లేదా కానూన్?"

లక్క అంటిన వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాను.

తర్వాతి వారం ఆమె నాలుగు రోజులు రాలేదు. చెల్లెలు పోయిందని పక్క పొలం రైతు చెప్పాడు. ఆ మందుంటే బతికేదో లేదో నాకు తెలియదు. ఆ మందు ఆపింది మాత్రం నేనే.

ఐదో రోజు వచ్చింది. కార్డు బల్ల మీద పెట్టింది. నేను అడక్కముందే డబ్బా మూత తీసింది. వేళ్లతో అన్నాన్ని పక్కకు జరిపి అడుగు చూపించింది. 'బేటా' అనలేదు. నేను బదిలీ అయ్యే దాకా, ఏడు నెలలు, రోజూ అంతే. వద్దమ్మా అని ఎన్నిసార్లన్నా విననట్టే ఉండేది.

ఇంటికొచ్చాక అమ్మకు చెప్పాను.

"నేను గని కాడి నుంచి తట్టల బొగ్గు తెస్తుంటే గేటు కాడి సిపాయి ఎన్నడన్న గుడ్డ లేపి సూసిండా బిడ్డా? మొకం అటు తిప్పుకుంటుండె. ఆయన సూస్తే మన పొయ్యి ఎట్ల మండు?" అంది.

ఆ కొలువు అయిపోయాక ఇప్పుడు ఇక్కడే మాజ్రి దగ్గర ఒక గోదాములో కాపలా పని చేస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు టిఫిన్ మూత తీస్తాను. బురద పట్టిన ఆమె వేళ్లు నా కళ్ల ముందుకు వచ్చి అన్నాన్ని పక్కకు జరుపుతాయి. అడుగున ఏమీ ఉండదు.