చేపల పెట్టె కారింది నా వల్ల కాదు

నా చిన్నప్పుడు చెయ్యని తప్పుకు తిన్న చెంపదెబ్బ ఒకటున్నది. మోకాళ్లు అరిగినయి, మనవరాలు బడికి పోతున్నది, ఆ కోపం మాత్రం అరగలేదు.

అప్పుడు మేము షోలాపూర్‌ల, జోడ్‌భావి పేట్‌ల ఉండేది. మా బాపు చద్దర్లు నేసేటోడు. ముందటి గదిల అద్దాల చేపల పెట్టె, అందుల రెండు ఎర్ర చేపలు. అవంటే నాకు పానం. పెట్టె మూల చెమ్మగిల్లుతుంటే బాపు సిలికాన్ గమ్ము తెచ్చి, పాత గమ్ము మీదనే కొత్తది మందంగ పూసిండు. నేతోళ్ల బుద్ధి అది. మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాతది తీసి పారెయ్యరు. ఆ పాత పోగుల కొసలకే కొత్త పోగులు మెలేసి అతుకుతరు, పాతది కొత్తదాన్ని గుంజుకపోతది. అద్దం మీద గమ్ము కూడ అట్లనే అనుకున్నడు.

కొన్ని రోజులకు ఆ మూల విడిచింది. నీళ్లన్ని కింద పెట్టిన చద్దర్ల మూట మీద పడ్డయి. ఎర్ర రంగు దిగి తెల్లదానికి పట్టింది. అదే గదిల నేను తాడాట ఆడుతున్న. బాపు వచ్చిండు, నా చేతిల తాడు చూసిండు, ఒక్కటిచ్చిండు. తాడు తగల్లేదని ఎంత మొత్తుకున్నా ఒక్కరు వినలేదు. నన్ను కన్న మా అవ్వయితే ఆడపిల్లకు గంతులెందుకన్నది. పెట్టె కారుడుకు, ఆడపిల్ల గంతులకు ఏం సంబంధమో నాకు ఇప్పటికీ సమజ్ కాలేదు. చేపలను బకెట్ల నీళ్లల్ల ఏసిన్రు. పెట్టె పాత సామాన్లు కొనే భంగారోనికి ఇచ్చేస్తా అన్నడు బాపు. నేను వాడ మొత్తానికి అబద్ధాలకోరునైన.

నా ఏడుపు విని పక్కింటి అక్క బీడీల చాట పక్కకు పెట్టి వచ్చింది. వాళ్ల తమ్మునికి చేపల పిచ్చి, అసొంటి పెట్టెలు బాగు చేసుడు ఆమెకు అలవాటే. “భంగార్ల ఎందుకేస్తవు కాకా, గీకి మళ్ల పూస్తే అయిపాయె” అన్నది. పెట్టె ఆరబెట్టి, సగం బ్లేడు అద్దానికి ఆనించి గమ్ము కిందికి పోనిచ్చింది. కొస దొరికినంక పట్టి గుంజింది. బాపు పూసిన కొత్త గమ్ము నాడా లెక్క మొత్తం ఊడివచ్చింది. పాతది అద్దానికి అట్లనే ఉన్నది.

“ఇది దానికి పట్టనే లేదు కాకా. పొల్ల తాడు ఏం చేస్తది?” అని ఆ పట్టీని బాపు ముందట పట్టింది.

పాతది కూడ ఇద్దరం గీకినం. అక్క నాతోని అద్దం మీద వేలు గీయించేది. నున్నగ జారితే సాఫైనట్టు, రబ్బరు లెక్క పట్టుకుంటే ఇంకా ఉన్నట్టు. నా వేళ్లు మండినయి గని వదల్లేదు.

అంతల బాపు బయటికి పోయి వేడి జిలేబీ పొట్లం తెచ్చి నా ముందట పెట్టిండు. నేను చెయ్యి చాపిన. అక్క మధ్యల తన చెయ్యి అడ్డం పెట్టింది.

“మళ్ల మీది నుంచే పూస్తున్నవా కాకా? ముందుగాల పొల్లకు తప్పైందని చెప్పు.”

“జాఊ దే, పోనియ్యి, చిన్నపిల్లకు ఏం చెప్తం” అని బాపు నవ్విండు. అక్క నవ్వలేదు, చెయ్యి తియ్యలేదు. బాపు నేల చూసిండు, మగ్గం దిక్కు చూసిండు. చివరికి, “తప్పైంది బిడ్డా, ఉత్తగనే కొట్టిన” అన్నడు. అప్పుడు తిన్న జిలేబీ. చల్లారింది గని తియ్యగనే ఉన్నది.

ఇప్పుడు మేము షోలాపూర్ పక్కనే కుంభారిల ఉంటున్నం. మొన్న నా కొడుకు, ఫోన్ పోగొట్టినవని మనవరాలి మీద ఇల్లు లేచిపోయేటట్టు అరిచిండు. ఆ ఫోను వాని బండి డిక్కీలనే దొరికింది. సాయంత్రం ఐస్‌క్రీమ్ తెచ్చి పిల్ల చేతిల పెట్టబోయిండు. నేను మధ్యల చెయ్యి అడ్డం పెట్టిన.

“అవ్వా, కరిగిపోతది” అన్నడు.

“కరగనీ” అన్న నేను.