గేటు దగ్గర ఊదమన్నారు

మొన్న తిరుపతిలో నేనెక్కిన బస్సు చాలాసేపు కదల్లేదు. మత్తు పదార్థాలు వద్దంటూ యూనివర్సిటీ పిల్లలు అట్టలు పట్టుకుని ఊరేగింపుగా పోతుంటే, పక్క సీటాయన మంచి పనే కదండీ అని మెచ్చుకున్నాడు. మంచి పనే, నేనేమైనా కాదన్నానా? తాగుడు వద్దనే నిబంధన ఆ యూనివర్సిటీ హాస్టల్లో నేను చదువుకున్న రోజుల్లోనూ ఉండేది, ఉండాల్సిందే కూడాను. కానీ ఆ మాట చెవిన పడితే ఇన్నేళ్ళయినా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్తాను, మీరే న్యాయం చెప్పండి.

మన ఈడువాళ్ళకు మద్యనిషేధం రోజులు గుర్తుండే ఉంటాయి. మన వైపు సీసా మూత తీస్తే నేరం, తమిళనాడు సరిహద్దు దాటి తిరుత్తణిలో దిగితే దారి పొడుగునా అంగళ్ళే. ఆదివారం సాయంత్రం అటునుంచి వచ్చే బస్సుల్లో మా సీనియర్లు సోంపు నములుతూ దిగడం, హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కొక్కరినీ ఊదమనడం, పలుకుబడి గల ఇళ్ళ పిల్లలు ఊదకుండానే నవ్వుతూ లోపలికి పోవడం మాకు మామూలే. నేనూ, హాస్టల్లో నా గదివాడూ అటు పోయే రకం కాదు. వాడు నగరి నేతవాళ్ళ బిడ్డ, ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదవడానికి వచ్చినవాడు వాడొక్కడే.

నేను చిత్తూరు దగ్గరి మా ఊరికి పోయిన ఒక ఆదివారం, మా గది కిటికీ బయట సన్‌షేడ్ మీద వార్డెన్‌కు ఖాళీ సీసా దొరికింది, గదిలో ఉన్నది వాడొక్కడే. పై అంతస్తు సీనియర్లు విసిరేసిందని హాస్టలంతటికీ తెలుసు, కానీ నోరు విప్పితే రేపు వాళ్ళతోనే కదా కాపురం! తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మావాడు పాపం ఆ పాలు కూడా తాగలేదు. తండ్రి స్వయంగా వచ్చి హామీ ఇస్తే సరి, లేకపోతే హాస్టల్ సీటు రద్దని వార్డెన్ నిబంధన వినిపించాడు. బయట గది తీసుకునే స్తోమత వాడికి లేదు, సీటు పోతే చదువు పోయినట్టే.

వాళ్ళ నాయన మగ్గం ముందు కూర్చుంటే లోకం పట్టని మనిషి. చీర అంచు గురించి అడిగితే పొద్దు గూకేదాకా చెప్పేవాడు గానీ, ఇస్త్రీ చొక్కా ఎదురుపడితే గుటకలు మింగేవాడు. హామీ ఇవ్వడానికి తిరుపతికి రావలసిన రోజు ఆ మనిషి, ధైర్యం కోసం ముందు ఎదురుదిక్కున తిరుత్తణికి పోయి, గొంతు తడుపుకుని, మళ్ళీ రైలెక్కి వచ్చాడు. ఉతికిన పంచె, నుదుట విభూది, నోట్లో తమలపాకు. మేమిద్దరం ఎదురు వెళ్ళేలోపే వాచ్‌మన్ ఊదమన్నాడు.

"రెండు గుక్కలేప్పా. పెద్దోళ్ళ ముందర నోరు పెగలాల గదా, అందుకని తాగినాను," అన్నాడాయన, ఏమీ దాచకుండా.

నా గదివాడు తల ఎత్తలేదు. నేను వార్డెన్ దగ్గరికి పరుగెత్తి, రేపు మళ్ళీ పిలిపిస్తాం సార్ అని బతిమాలాను. ఆయన చెడ్డవాడు కాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని మరిచిపోయేవాణ్ణి.

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? నాయనే అట్లుంటే కొడుకు సంగతి సెప్పాల్నా?" అని మెత్తగానే అని, సీటు రద్దు చేశాడు.

అరే, తాగి వచ్చింది చదువుకునేవాడు కాదు కదయ్యా! సీసా ఎవరిదో వాళ్ళు దర్జాగా పట్టాలు పుచ్చుకుని వెళ్ళారు. మావాడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నాయన వెంట నగరి బస్సెక్కాడు, మరమగ్గాల దగ్గర కూలికి చేరాడు.

ఇప్పుడు ఆ యూనివర్సిటీలో పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళున్నారట, తప్పు దొరికితే ముందు మందలించి, ఇంకో అవకాశం ఇచ్చి చూస్తారట. సంతోషమే. ఆ ఓపికలో పిసరంత ఆనాడు ఎవరికైనా ఉండి ఉంటే అని తలుచుకుంటే మాత్రం కడుపు రగిలిపోతుంది. ఆ రోజు తర్వాత మావాడి నాయన పోయేదాకా మళ్ళీ చుక్క ముట్టలేదు. మా హాస్టల్ నిబంధన వల్ల తాగుడు మానినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. పోయినేడు నగరిలో, మరమగ్గాల రొదలో, నా గదివాడు నా చెవి దగ్గరికి వంగి, "నాయన మానేసినాడు గదప్పా, అది సాలు," అన్నాడు. వాడికి చాలిందేమో. నాకు మాత్రం ఈనాటికీ చాలలేదు.