అయిదు తాళాల పెట్టె

పెద్దులు ఉండే రూమ్‌లో ఉల్లిగడ్డల మీద పేర్లు రాసుకోవడం ఒక్కటే తక్కువ. ఆరుగురు మనుషులు, ఆరు నూనె సీసాలు. నూనె ఎక్కడిదాకా ఉందో చెప్పడానికి ప్రతి సీసాకూ ఒక మార్కర్ గీత. ఎవరి బియ్యం వాళ్ల మంచం కింద పెట్టెలో ఉంటుంది. పెట్టెకు తాళం, తాళంచెవి మొలతాడుకు. అలాగని వాళ్లెవరూ దొంగలు కారు. ఒకడికి జ్వరమొస్తే మరొకడు డ్యూటీ ఎగ్గొట్టి గంజి కాచే మనుషులే. వంట కలిపి చేసుకుందామని ఒకటి రెండుసార్లు చూశారు కూడా. కారం దగ్గర తగువొచ్చి ఎవరి పొయ్యి వాళ్లదైపోయింది. చాలా ఏళ్లుగా అదే పద్ధతి నడుస్తోంది.

పెద్దులు ఆర్మూరు దగ్గరి పల్లెవాడు. ఒమాన్‌లోని అల్ మవాలేలో ఒక చిన్న వర్క్‌షాపులో వెల్డర్. చేతి పని శుభ్రంగా ఉంటుంది. మనిషి మాత్రం పలకరిస్తే తప్ప పలకడు. వీసా గడువు దగ్గరపడుతోందనీ, రెన్యూ చేయాలో వద్దో ఆదివారంలోగా చెప్పమనీ ముదీర్, అంటే వర్క్‌షాపు మేనేజరు, అడిగాడు. అటు ఫోన్‌లో భార్య సునీత కూడా అదే అడుగుతోంది.

"ఇగ రావయ్యా. పనికేంది, ఆర్మూర్ల గేట్లు చేసుకున్నా బతుకుతం."

"చూస్త" అంటాడు పెద్దులు. ఎన్నేళ్లనుంచో చూస్తూనే ఉన్నాడు.

పోవాలని లేక కాదు. పోయిన సెలవులో ఒక ముచ్చట జరిగింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ బట్టలన్నీ సూట్‌కేసులోనే ఉంచుకున్నాడు. తీసిన ప్రతిసారీ మళ్లీ తాళం వేసేవాడు. ఆఖరికి స్నానం చేశాక సబ్బును తువ్వాలుతో తుడిచి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కూడా సూట్‌కేసులోకే చేర్చేవాడు. ఒకనాడు సునీత ఆ సబ్బు కోసం వెతికి వెతికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నువ్వు ఇంటికొచ్చినవా, లాడ్జిల దిగినవా?"

ఆమె నవ్వుతూనే అంది. పెద్దులు కూడా నవ్వాడు. కానీ ఆ మాట ముల్లులా దిగి ఇప్పటికీ బయటికి రాలేదు. నలుగురి మధ్య ఉండడం తనకు చేతనైతదా? ఎటూ తేల్చుకోలేని ఆ భయం వల్లే "చూస్త".

ఆ వారంలోనే ముర్తుజా అనే ఒమానీ పెద్దమనిషి కారు వెనక క్యాంపర్ బండి తగిలించుకుని వర్క్‌షాపుకు వచ్చాడు. మూసి ఉంటే అది నడుమెత్తు డబ్బా. పిడి తిప్పితే కప్పు పైకి లేస్తుంది, చుట్టూ గుడ్డ గోడలు సాగుతాయి, ముందూ వెనకా మంచాలు బయటికి జారుతాయి. మడతపెట్టుకుని వెంట తీసుకుపోయే ఇల్లన్నమాట. చిక్కల్లా సామానుతోనే. లోపల అది పెడితే మనుషులకు చోటుండదు, మనుషులు పడుకుంటే అది బయట పడాలి. బండికి బయటివైపు, ముందరి ఇనుప కాడి మీద ఒక పెట్టె కట్టివ్వమన్నాడు. గురువారం సాయంత్రం కుటుంబంతో నిజ్వా దాటి కొండ మీదికి పోవాలట.

"ఎందరు పోతరు సేఠ్?" అని తనకొచ్చిన హిందీలో అడిగాడు పెద్దులు.

"అయిదుగురం. అందరి సామానూ పట్టాలి."

పెద్దులు ఒళ్లు దాచుకోలేదు. ముందు బరువెక్కువైతే కారు వెనక కూలబడుతుందని తేలికైన అల్యూమినియం రేకు తెచ్చాడు. మంచం జారినప్పుడు పెట్టె మూతకు తగలకూడదని కప్పు లేపి, మంచం లాగి మరీ కొలిచాడు. దుమ్ము చొరకుండా అంచుల వెంట రబ్బరు పట్టీ వేశాడు. పక్క బల్ల మీద పనిచేసే పాకిస్తానీ తబ్రేజ్ కూడా వచ్చి చూసి, "వాహ్ ఉస్తాద్" అన్నాడు. తబ్రేజ్ నోట ఆ మాట రావడమంటే ఎండాకాలంలో వాన పడ్డట్టే.

గురువారం సాయంత్రం ముర్తుజా, భార్య జాహిదా, తల్లి హమీదా, ఇద్దరు పిల్లలు దిగారు. పెద్దులు గుడ్డతో పెట్టెను తళతళలాడేలా తుడిచి, అందరూ చూస్తుండగా చూపించాడు.

లోపల అయిదు అరలు. అరకొక మూత, మూతకొక కొండి, కొండికొక తాళం. తాళంచెవులు కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు టేపు చుట్టి ఉంది. అదీ తన సొంత తెలివే.

జాహిదా చేతిలోని కెటిల్‌ను పైకెత్తి అడిగింది.

"భాయ్, మరి ఇది ఎవరి అరలో పెట్టాలి?"

పెద్దులు కెటిల్ వైపూ అరల వైపూ మార్చి మార్చి చూశాడు. నిజమే, కెటిల్ ఎవరిది? చాప ఎవరిది? మడత బల్ల ఏ అరలోనూ పట్టదు. పిల్లలు కిసుక్కుమన్నారు. తబ్రేజ్ అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"ఇంట్లో మేము ఎవరికి తాళం వేసుకోవాలి, పెద్దులూ?" అన్నాడు ముర్తుజా. ఆ గొంతులో కోపం లేదు. "మీ రూమ్‌లో ఎంతమంది?"

"ఆరుగురం సేఠ్."

"తాళాలు?"

"ఏడు." ఆగి, అడగకపోయినా చెప్పాడు. "ఫ్రిజ్‌కు గూడ ఒకటున్నది."

ఈసారి ముర్తుజా కూడా నవ్వాడు. నవ్వనివాడు పెద్దులు ఒక్కడే. గబగబా గ్రైండర్ అందుకుని, "పది నిమిషాలు సేఠ్, అన్ని తీసేస్త" అన్నాడు.

అప్పటిదాకా కుర్చీలో కూర్చున్న ముసలామె హమీదా కర్ర ఎత్తింది. "ఆగు! చివరిది ఉంచు. అది నాకు." హల్వా డబ్బా ఒళ్లో పెట్టుకుని మనవల వైపు చూసింది. "ఈ దొంగలు కొండెక్కేలోపు ఖాళీ చేస్తారు."

పిల్లలు గోల పెట్టారు. ముసలామె ఆకుపచ్చ టేపు చెవిని తీసుకుని మెడలోని దారానికి కట్టేసుకుంది. తాళం విలువ తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒకరు దొరికినందుకు పెద్దులుకు కాస్త ఊపిరాడింది.

గ్రైండర్ కింద నాలుగు అరలు పోయి ఒకటే పెద్ద అర అయింది. అంచులు చేతికి గీరుకోకుండా ఆకురాయి పట్టి, ఆ నాలుగు మూతలూ విప్పి ఒకటే మూత బిగించాడు. అందులోకి చాప, బల్ల, దుప్పట్లు, చెప్పులు, కెటిల్ అన్నీ కలగాపులగంగా పోయాయి. ఎవరిది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పోయే ముందు జాహిదా ఫ్లాస్కు తీసి ఖహ్వా కాఫీ పోస్తూ పెద్దులును కూడా పిలిచింది. అతను ఒక్క పరుగున లోపలికి పోయి, తన పేరు చెక్కించుకున్న పెద్ద స్టీలు గ్లాసు తెచ్చాడు. అక్కడ రెండే రెండు చిన్న కప్పులు చేతులు మారుతున్నాయి. ఒకరు తాగి ఇస్తే, నీళ్లలో ముంచి, మళ్లీ పోసి ఇంకొకరికి. ఆమె అతని గ్లాసులో కూడా అంతే పోసింది. అంత గ్లాసులో అడుగున మరక పడ్డట్టుంది ఖహ్వా.

ముర్తుజా తాను తాగిన కప్పును ముంచి, నింపి, చెయ్యి చాచాడు. పెద్దులు గ్లాసును వీపు వెనక దాచి కప్పు అందుకున్నాడు. అంత చిన్న కప్పు పట్టుకోవడం రాక సగం చేతి మీద పోసుకున్నాడు కూడా.

బండి మలుపు తిరిగింది. వర్క్‌షాపులో కూలర్ చప్పుడొక్కటే మిగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం రూమ్‌లో ఎవరి పొయ్యి దగ్గర వాళ్లున్నారు. పెద్దులు మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు. జేబులో మిగిలిన నాలుగు తాళాలు తొడకు గుచ్చుకుంటున్నాయి.

"ముదీర్‌కు వద్దని చెప్త. వచ్చేస్త" అన్నాడు.

అవతల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడైంది.

"సునీతా?"

"ఉన్న. చెప్పు."

"బీరువల ఒక అర ఖాళీ చెయ్యి. నా బట్టలకు."

"ఖాళీ గీళీ ఏం చెయ్య" అంది సునీత. "నా చీరెలు జర జరుపుత. అండ్లనే ఇరుక్కోని పెట్టుకో."

"సరే" అన్నాడు పెద్దులు. కాసేపాగి అడిగాడు. "మరి సబ్బు?"

"ఒక్కటే సబ్బు, బాయికాడ రాతి మీదుంటది. తాళమేస్తే నిన్ను గూడ బయటనే పండబెడ్త!"