తాడు అందని కారు

కుల్పాష్ మా ఊరి నుంచి రాజధాని అస్తానాకు వెళ్లే పొద్దుటి బస్సులో పదకొండేళ్లు కండక్టరుగా పనిచేసింది. అంతకుముందు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో టెలిఫోన్ ఆపరేటరు. క్షేత్రం మూతపడింది, టెలిఫోన్లు పోయాయి, ఆమె గొంతు మాత్రం మిగిలింది. వెనక సీట్లో కునికిపాట్లు పడేవాడు కూడా ఆమె "టికెట్!" అంటే ఉలిక్కిపడి జేబులు తడుముకునేవాడు. ఊళ్లో చిన్నాపెద్దా అందరూ ఆమెను ఆప్కే అనే పిలిచేవారు, అక్కా అన్నట్టుగా.

నేను అప్పట్లో నగరంలో ఒక మందుల షాపులో పనిచేసేదాన్ని. రోజూ ఆ బస్సులోనే పోయి ఆ బస్సులోనే వచ్చేదాన్ని. నలభై కిలోమీటర్లు. దారిలో చెట్టు లేదు, ఇల్లు లేదు, ఎటు చూసినా బయలే. ఆ దారిలో వెళ్లేవాళ్లెవరూ కిటికీలోంచి బయటికి చూడరు. చూడడానికి ఏముంది గనక?

ఆ రోజు నవంబరు చివరి వారం. ముందురోజు వాన కురిసి రోడ్డంతా చిత్తడిగా ఉంది. చలి తగ్గిందని నేను పల్చటి కోటు వేసుకుని బయల్దేరాను.

"ఏమే మందుల పిల్లా, ఎక్కడికి, సినిమాకా?" అంది కుల్పాష్, నా కోటు చూసి. "ఆ నెత్తిమీద టోపీ ఏది?"

"ఎండ వస్తుందంటున్నారు ఆప్కే."

"వస్తుంది వస్తుంది, నీ కోసమే ఆగింది."

అందరం నవ్వాం. బాల్జాన్ అనే ఆవిడ నగరంలో ఏదో పెళ్లికని రెండు బకెట్ల నిండా బౌర్సాకులు, అదే పిండి ఉండలు, వేయించి తెస్తోంది. నూనె వాసనకు బస్సంతా నోరూరుతోంది. బస్సులో ఇరవై ఏడు మందిమి. ఆ లెక్క నాకెందుకు గుర్తుందంటే, సీట్ల మధ్య నడుస్తూ తలలు లెక్కపెట్టడం, చివర్లో ఆ అంకె పైకి చెప్పడం కుల్పాష్‌కు అలవాటు.

ఎనిమిదింటికి కొంచెం ముందు గాలి మారి, మంచు తుఫాను మొదలైంది. ఉత్తరం వైపు నేలకూ ఆకాశానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోయింది. తర్వాత రోడ్డు చెరిగిపోయింది. డ్రైవర్ కొయిషిబాయ్ ఏదో గొణుక్కుంటూ బ్రేకు వేశాడు. ముందు ఒక లారీ గడ్డకట్టిన తడిమీద జారి రోడ్డుకు అడ్డంగా తిరిగిపోయింది. మా వెనక కార్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది గానీ ఒక్కటీ కనిపించలేదు. కిటికీలకు బయటినుంచి తెల్లగుడ్డ కప్పినట్టయింది.

మొదటి గంట కబుర్లతో గడిచింది. బాల్జాన్ బకెట్ల మూతలు తీసి, "పెళ్లికూతురు ఎటూ లావుగానే ఉంది, తినండి" అంది. ఓరజ్ అనే ముసలాయన, మాకందరికీ అతా, అంటే తాత, తన గొర్రెలు తుఫాన్లలో ఎలా బతికాయో చెప్పాడు. వెనకనుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి. కాసేపటికి వాటి సంఖ్య తగ్గింది. అది మొదట గమనించింది కుల్పాషే.

"కార్లలో వాళ్ల పెట్రోలు ఎంతసేపు వస్తుంది?" అని అడిగింది.

"కొందరిది మధ్యాహ్నం దాకా," అన్నాడు కొయిషిబాయ్. "కొందరిది అంతదాకా కూడా రాదు."

"మన డీజిలు?"

"సాయంత్రం దాకా ఢోకా లేదు."

ఆమె సీటు కింద నుంచి బండ్లు లాగే తాడు తీసింది. ఒక కొస తలుపు పక్కనున్న ఇనుప కడ్డీకి కట్టింది. రెండో కొస నడుముకు చుట్టుకుంది. "ఓరజ్ అతా, నువ్వూ ఈ పిల్లా తాడు పట్టుకోండి. నేను మూడుసార్లు గుంజితే లాగండి."

"నువ్వెందుకే, మగాళ్లు లేరా?" అన్నాడు ముసలాయన.

"ఉన్నారు. నా గొంతు వాళ్లకు లేదు."

అది నిజమే. ఆ గాలిలో ఆమె కేక తప్ప ఇంకేదీ వినిపించలేదు. మొదటి కారు నుంచి నలుగురిని తెచ్చింది. రెండో కారు నుంచి ఒక బాలింతను, ఆమె అత్తగారిని. మూడో కారులో ఇద్దరు కాలేజీ పిల్లలు. వాళ్లు ఎక్కాక కుల్పాష్ మళ్లీ దిగింది. ఈసారి తాడు చివరిదాకా పోయి బిగుసుకుంది. ఒక నిమిషం అలాగే ఉంది. ఆ తర్వాత నా చేతుల్లో తాడు ఒక్కసారిగా తేలికైంది.

"అతా, తాడు..." అన్నాను.

"విప్పుకుంది," అన్నాడాయన, నావైపు చూడకుండా.

తాడు కొస మంచులో ఎక్కడో కొట్టుకుంటోంది. ఇక లాగుదామా వద్దా అనుకుంటుండగా అది మళ్లీ బిగిసి, మూడుసార్లు గుంజింది. ఆమె ఒక్కతే వచ్చింది. కనుబొమల మీద మంచు గట్టిపడి ఉంది.

"నాలుగో కారులో ఒకడున్నాడు," అంది. "రానంటున్నాడు. టైల్స్ పనివాడట. వెనకంతా సామాను. 'మీ బస్సులో చెమట కంపు, నాకిక్కడ వెచ్చగా ఉంది, పోవమ్మా' అన్నాడు. పొగగొట్టం చుట్టూ మంచు కాలితో తోసి, అరగంటకోసారి దిగి చూసుకో అని చెప్పాను. సరే సరే అని అద్దం ఎత్తేశాడు."

"బుద్ధొస్తే వాడే వస్తాడులే," అంది బాల్జాన్.

మా బస్సు పొగగొట్టం దగ్గర మంచును కొయిషిబాయ్ పారతో తీస్తూనే ఉన్నాడు. అతను దిగిన ప్రతిసారీ కుల్పాష్ వెనక అద్దం వైపు చూసేది, కనిపించేది తెలుపే అయినా. పన్నెండు కావస్తుండగా మళ్లీ తాడు తీసింది. ఈసారి గాలి ఇంకా పెరిగింది. ఓరజ్ అతా వద్దన్నాడు. ఆమె వినలేదు. తాడు బిగిసింది, తేలికైంది, ఈసారి చాలా త్వరగా మళ్లీ బిగిసింది.

ఎక్కి మెట్టుమీదే కూలబడింది. "బాగానే ఉన్నాడు," అంది. "అద్దమంతా మంచు పేరుకుంది, లోపల ఏమీ కనిపించలేదు. తట్టాను. లోపల్నుంచి తట్టాడు. మూడుసార్లు."

మేమంతా హమ్మయ్య అనుకున్నాం. బాల్జాన్ ఆమెకు ఫ్లాస్కులోంచి టీ పోసింది.

మూడు గంటలకు మంచు తోసే ట్రాక్టరు వచ్చింది. సహాయక సిబ్బంది ఒక్కొక్క కారూ చూసుకుంటూ వచ్చారు. గాలి తగ్గి చూపు ఆనుతోంది. నాలుగో కారు మా బస్సుకు ఎంతో దూరం లేదు. అంత దగ్గరనా అనిపించింది నాకు. వాళ్లు తలుపు లాగి తీశారు. అతను స్టీరింగు వెనక చక్కగా కూర్చునే ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని. పొగగొట్టం పూర్తిగా మంచులో కూరుకుపోయి ఉంది. పొగంతా లోపలికే వెళ్లింది. పేరు యెర్సాయిన్, వయసు ముప్పై ఎనిమిది.

సిబ్బందితో వచ్చిన డాక్టరు పది గంటలకల్లా ప్రాణం పోయి ఉంటుందన్నాడు.

"కాదు," అంది కుల్పాష్. "పన్నెండింటికి నాకు జవాబిచ్చాడు."

డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. "ఈ చలిలో కచ్చితంగా చెప్పలేం అమ్మా," అన్నాడు. పాపం, మంచిగా చెబుదామనే అన్నాడు. కానీ ఆ మాటే ఆమెను వెంటాడింది. పదింటికే పోతే పన్నెండింటికి తట్టిందెవరు? పన్నెండింటికి బతికే ఉంటే, ఆ తట్టడం బాగున్నానని చెప్పడమా, కాపాడమని అడగడమా? ఏళ్ల తరబడి ఆమె ఈ రెండింటి మధ్యే తిరిగింది.

ఆ శీతాకాలం మొదలు ఆమెకు ఆ చప్పుడు వినిపించసాగింది. గాలి ఉన్న రోజుల్లో కాదు, అదే చిత్రం. నిమ్మళంగా, ఎండ మంచుమీద పడి మెరిసే పొద్దుటి పూటల్లో. వంటింటి కిటికీకి బయటినుంచి మూడుసార్లు. ఆమె భర్త అమంతాయ్ స్కూల్లో బాయిలర్ మండించేవాడు, తేలిక మనిషి. "చలికి కిటికీ చెక్క పగులుతోంది, అంతే. వేసవిలో రంగేస్తాను," అనేవాడు. ఒకరోజు ఆయన బూట్లు వేసుకుంటూ తలెత్తితే, కుల్పాష్ కిటికీ దగ్గర నిలబడి వేలి కణుపుతో లోపల్నుంచి అద్దం మీద తడుతోంది. మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వింటోంది. ఆ తర్వాత ఆయన కిటికీ సంగతి ఎత్తి నవ్వలేదు. వేసవిలో రంగు కూడా వేయలేదు.

నాకు ఒక్కసారి పూర్తిగా చెప్పింది. బస్సు ఖాళీగా ఉంది, ఇద్దరమే వెనక కూర్చున్నాం.

"నీకు తెలుసా, నా చెయ్యి తలుపు పిడి మీదే ఉంది," అంది. "లాగలేదు."

"బిగుసుకుపోయి ఉంటుంది ఆప్కే."

"లాగితే కదా తెలిసేది. తాడు విప్పుకుని ఉన్నాను. వెనక్కి తిరిగితే బస్సు లేదు, తాడు లేదు, నా కాళ్లే నాకు కనపడలేదు. భయం వేసింది. తట్టాడు కదా, చాల్లే అనుకున్నాను. వాడు తట్టగానే నాకు సంతోషమేసిందే పిల్లా. వాడు బతికున్నందుకు కాదు, నేను వెనక్కి వెళ్లొచ్చని."



యెర్సాయిన్ భార్య పేరు జుమగుల్. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు. నలభయ్యో రోజు భోజనాలకు కుల్పాష్ వెళ్లింది. చెమట కంపు అన్న మాట చెబితే జుమగుల్ ఏడుస్తూనే నవ్విందట. "అదీ మా ఆయన మాటే. పెళ్లిచూపులకు వచ్చి మా ఇంటి పొయ్యి పొగ కంపన్నాడు." తట్టిన సంగతి ఆ రోజు కుల్పాష్ చెప్పలేకపోయింది. తర్వాత ఏటా వెళ్లేది. ఇద్దరికీ స్నేహం కలిసింది. మూడో శీతాకాలంలో, టీ తాగుతూ, మొత్తం చెప్పేసింది.

జుమగుల్ చాలాసేపు బల్లమీది గుడ్డ అంచును మడతపెడుతూ కూర్చుంది.

"అంతదాకా వచ్చి తలుపెందుకు తీయలేదు ఆప్కే?"

"భయం వేసింది."

జుమగుల్ ఆమె గిన్నె అందుకుంది. మా దగ్గర అతిథికి టీ సగం గిన్నే పోస్తాం, మళ్లీమళ్లీ పోయడం కోసం. ఆమె అంచుదాకా పోసింది. అంటే ఇక లెమ్మని. కుల్పాష్ ఆ వేడి టీని అలాగే అడుగుదాకా తాగి, గిన్నె బోర్లించి, లేచి వచ్చేసింది. నాలుక కాలి రెండు రోజులు అన్నం సహించలేదట.

ఆ వసంతంలోనే బస్సు పని మానేసింది. తుఫాను సూచన రాగానే రోడ్డు మూసేసే గేటు ఊరి చివర కొత్తగా పెట్టారు, పక్కన ఒక గది కట్టారు. అక్కడ కాపలా పని అడిగి చేరింది. గేటు పడ్డాక కార్లు బారులు తీరి ఆగుతాయి. మిగతా కాపలావాళ్లు గదిలో పొయ్యి దగ్గర కూర్చునేవారు. ఈమె బారు వెంట నడిచేది. చేతిలో పార. పొగగొట్టాల దగ్గర మంచు తోసి, చెప్పాపెట్టకుండా కారు తలుపు తెరిచేసేది.

"ఏయ్ ముసలమ్మా, చలి లోపలికొస్తోంది!"

"రానీ. నువ్వు తిడుతున్నావు, నాకది చాలు."

మగవాళ్లు తిట్టేవారు. ఒకతను పై అధికారులకు ఉత్తరం కూడా రాశాడు. ఆమె మానలేదు.

అలా నాలుగేళ్లు. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం గేటు పడింది. కుల్పాష్ ఏడో కారు తలుపు తెరిస్తే వెనక సీట్లో జుమగుల్ ఉంది, ఎవరి కారులోనో నగరానికి పోతూ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందున్న డ్రైవర్ "మూయవమ్మా తలుపు!" అని అరుస్తున్నాడు. జుమగుల్ శాలువా చుట్టుకుని దిగింది. కుల్పాష్ వెనకే గదిలోకి నడిచింది.

అప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను, బస్సు ఆగిపోయి. జుమగుల్ పొయ్యి పక్కన కూర్చుంది. ఈసారి టీ పోసింది కుల్పాష్, సగం గిన్నె.

"ఇంకా వినిపిస్తుందా?" అని అడిగింది జుమగుల్.

కుల్పాష్ తలూపింది.

"ఏమైనా అంటాడా?"

"లేదు. తడతాడు అంతే."

"నాకెప్పుడూ వినపడలేదు," అంది జుమగుల్. ఆమె గొంతులో కోపం ఉందని మొదట అనుకున్నాను. కోపం కాదది. "ఏడేళ్లు. పదమూడేళ్లు కాపురం చేశాను ఆ మనిషితో. ఒక్క కల్లోకీ రాలేదు. నీ కిటికీకి వస్తాడు. నా ఇంటికి దారి తెలీదా?"

కుల్పాష్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎప్పుడొస్తాడు?"

"గాలి ఆగాక. ఎండ వచ్చాక, పొద్దున."

"అయితే వస్తాను. గాలి ఆగిన రోజు ఫోను చెయ్యి."

రెండు రోజుల తర్వాత గాలి ఆగింది. జుమగుల్ మొదటి కారు పట్టుకుని వచ్చింది. ఇద్దరూ వంటింట్లో కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. అమంతాయ్ వాళ్లను వదిలి పక్కింటికి, అంటే మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ. రెండు గంటల తర్వాత ఇద్దరూ బయటికి వచ్చారు. వినపడిందో లేదో నేను అడగలేదు, అడగబుద్ధి కాలేదు. జుమగుల్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుల్పాష్ ఆమె మెడచుట్టూ శాలువా సర్దుతూ, "వచ్చే వారం కూడా ఎండేనట," అంటోంది.

ఆ తర్వాత ప్రతి శీతాకాలం ఆమె వస్తూనే ఉంది. మాంసం ఎండబెట్టే రోజుల్లో గుర్రపు మాంసం తెస్తుంది, కుల్పాష్ ఆమెకు ఊలు మేజోళ్లు అల్లి ఇస్తుంది. ఈ ఏడు కుల్పాష్‌కు అరవై ఆరు నిండాయి. మోకాళ్లు సహకరించక గేటు పని మానేసింది. అక్కడ చేరిన కొత్తావిడ కారు అద్దాలు తట్టి, బాగున్నారా అని మాత్రం అడుగుతుందట. తలుపులు తెరవమని చెప్పిరావాలి, నన్ను తీసుకుపో అని కుల్పాష్ నిన్ననే మా ఇంటికొచ్చి అడిగింది. రేపు వెళ్తున్నాం.